నేర్పినవారి బాధ్యత ఎక్కడివరకు?

(శతవార్షికోత్సవములలో ఉపాధ్యాయుల, వృత్తి పనివారల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేళ్ళ పండుగ వచ్చినప్పుడు మనము కట్టడాల లెక్క చూసుకుంటాము. ఎన్ని గుడులు కట్టాము, ఎన్ని బడులు పెట్టాము, ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని హాస్టళ్ళు నడిపాము అని. ఆ లెక్కలు చెప్పడానికి నాకన్న తగినవారు ఈ వేదిక మీద ఉన్నారు. నాకు ఇచ్చిన అంశము “వృత్తులన్నిటిలో గొప్ప బోధన”. ఈ కూటమిలో బడిపంతుళ్ళు ఉన్నారు, నర్సులకు శిక్షణ ఇచ్చేవారు ఉన్నారు, వడ్రంగము నేర్పేవారు, కుట్టుపని నేర్పేవారు, సండేస్కూలు టీచర్లు ఉన్నారు. అందరమూ ఏదో ఒకటి నేర్పేవారమే. అందుచేత మన అందరికీ వర్తించే ఒక్క ప్రశ్న తీసుకున్నాను. మనము ఒకరికి ఒక పని నేర్పాము. అతని చేతికి ఆ పని వచ్చింది. అక్కడితో మన బాధ్యత తీరిందా?

దీనికి జవాబు వెదకడానికి మిమ్మల్ని చాలా దూరము, ఆస్ట్రేలియా ఖండపు నడిబొడ్డున ఉన్న ఎర్రమట్టి ఎడారికి తీసుకువెళ్ళబోతున్నాను. అక్కడ ఒక మిషను స్టేషనులోను, ఒక ప్రభుత్వ బడిలోను జరిగిన బోధన వలన ఆ దేశపు ఆదివాసుల చిత్రకళ లోకమంతటికీ తెలిసింది. ఈనాడు ఆ చిత్రాలు లండను, న్యూయార్కు నగరాల వేలంపాటలలో లక్షల డాలర్లు పలుకుతున్నాయి. ఆ డబ్బు ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అన్నది చూస్తే, నేర్పడము అంటే ఏమిటో మనకు బాగా తెలుస్తుంది.

లేఖనము చూపిన మాదిరి

బయలుదేరే ముందు రెండు మాటలు. నిర్గమకాండము 31, 35 అధ్యాయాలు మీకు తెలుసు. ప్రత్యక్ష గుడారపు పని చేయడానికి దేవుడు బెసలేలును, అహోలీయాబును పేరుపెట్టి పిలిచాడు. బంగారపు పని, చెక్కడపు పని, నేతపని, బుటా పని వారికి అనుగ్రహించాడు. 35వ అధ్యాయము చివర మరొక సంగతి ఉంది. ఇతరులకు నేర్పే మనస్సును కూడా వారికి దేవుడే ఇచ్చాడట. చేతిపని ఎట్లా దేవుని వరమో, నేర్పడము కూడా అట్లాగే వరము. వరము అయితే లెక్క అప్పజెప్పవలసినది కూడా.

రెండవ మాట వైద్య వృత్తి నుండి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు పాల్ బ్రాండు గారు పనిచేశారు. కుష్ఠురోగము వలన వంకరపోయి బిగుసుకున్న చేతివేళ్ళను శస్త్రచికిత్సతో మళ్ళీ కదిలేటట్టు చేసిన వైద్యుడు ఆయన. ఎందరో యువ వైద్యులకు ఆ విద్య నేర్పాడు. అయితే చెయ్యి బాగుపడి ఇంటికి వెళ్ళినవారిలో కొందరు దిగులుతో తిరిగివచ్చారు. చెయ్యి చక్కబడితే భిక్ష వేసేవాడు లేడు, రోగపు మచ్చ ఉన్నవానికి పని ఇచ్చేవాడూ లేడు. అప్పుడు బ్రాండు గారు ఆసుపత్రి ఆవరణలోనే ఒక చిన్న పల్లె వంటిది కట్టించి, బాగుపడిన చేతులకు వడ్రంగము వంటి పనులు నేర్పించాడు. చెయ్యి కదిలిందని తన పని అయిపోయినట్టు ఆయన అనుకోలేదు. ఆ చెయ్యి అన్నము సంపాదించుకొనే దాకా వైద్యము పూర్తికాలేదని గ్రహించాడు. ఈ మాట మనసులో ఉంచుకొని ఆస్ట్రేలియాకు వెళదాము.

హెర్మన్స్‌బర్గు మిషనులో ఒక శిష్యుడు

జర్మనీలో హెర్మన్స్‌బర్గు అనే ఊరు ఉంది. ఆ ఊరి పేరు మన దక్షిణాంధ్ర లూథరన్ సహోదరులకు కొత్తది కాదు. 1860లలో సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతాలకు సువార్త తెచ్చినది ఆ ఊరి మిషనే. అదే మిషను పాఠశాలలో తయారైన ఇద్దరు గురువులు 1877లో ఆస్ట్రేలియా నడిగడ్డకు చేరి, ఫింకు నది ఒడ్డున అరండ జాతివారి మధ్య ఒక స్టేషను స్థాపించారు. దానికీ హెర్మన్స్‌బర్గు అనే పేరు పెట్టారు. ఒకే చెట్టు విత్తనము ఒకటి మన నెల్లూరు సీమలో, మరొకటి ఆ ఎడారిలో పడింది.

1902లో ఆ స్టేషనులో ఒక అరండ బిడ్డ పుట్టాడు. 1905లో తల్లిదండ్రులతో కూడ బాప్తిస్మము పొంది ఆల్బర్ట్ అనే పేరు పెట్టించుకున్నాడు. అతడే ఆల్బర్ట్ నమత్జీరా. పెరిగి పెద్దవాడై పశువులు తోలాడు, కమ్మరి పని, వడ్రంగి పని చేశాడు, ఒంటెలు నడిపాడు. కాల్చిన ఇనుప కమ్మీతో కొయ్య పలకల మీద బొమ్మలు, వాక్యాలు వేసి అమ్మేవాడు. 1920ల చివర ఆ ప్రాంతమంతా ఘోరమైన కరవు పాలైంది. ఎంతోమంది, ముఖ్యముగా పసిపిల్లలు చనిపోయారు. నీటికోసము దూరపు ఊట నుండి గొట్టాలు వేయాలంటే డబ్బు లేదు. మెల్బోర్ను చిత్రకారిణులైన వయొలెట్ టీగ్, ఊనా టీగ్ అనే అక్కచెల్లెళ్ళు చిత్రప్రదర్శన పెట్టి చందాలు పోగుచేశారు. 1935లో ఆ నీరు స్టేషనుకు చేరింది. బొమ్మలు అమ్మితే నీళ్ళు వస్తాయని ఆ ఎడారి పల్లె మొదట అట్లా తెలుసుకుంది.

ఆ కాలములోనే రెక్స్ బాటర్బీ అనే చిత్రకారుడు అక్కడికి వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధములో తీవ్రముగా గాయపడి బ్రతికినవాడు. 1934లో స్టేషనులోనే తన నీటిరంగుల చిత్రాలు ప్రదర్శించాడు. తమ కొండలే, తమ చెట్లే కాగితము మీద కనపడేసరికి జనము విరగబడి చూశారు. 1936లో బాటర్బీ తన ప్రయాణాలకు ఒంటెలు తోలడానికి నమత్జీరాను పెట్టుకున్నాడు. దారిలో అతనికి రంగులు కలపడము నేర్పాడు. దానికి ఎన్ని నెలలు పట్టిందో తెలుసా? రెండు నెలల ప్రయాణము సరిపోయింది. శిష్యుని చూపు, చెయ్యి అటువంటివి. ఆ తరువాత ఆ ప్రదేశపు రంగుల విషయములో శిష్యుని నుండి తానే నేర్చుకుంటున్నట్టు గురువుకు తోచిందట. గొప్ప గురువుకు ఇది మొదటి గురుతు. శిష్యుడు మించిపోతే ఆయన ముఖము మాడ్చుకోడు.

1937లో ఆ మిషను పెద్ద, పాస్టరు ఆల్బ్రెక్టు గారు, నమత్జీరా చిత్రాలు పదింటిని దక్షిణ ఆస్ట్రేలియాలోని నూరియుట్పా ఊరిలో జరిగిన లూథరన్ మహాసభకు తీసుకువెళ్ళి గోడకు తగిలించాడు. తరువాత లోకమంతా మెచ్చుకున్న ఒక చిత్రకారుని చిత్రాలను తొలినాళ్ళలో ఆదరించినది మన సినడ్ సమావేశము వంటి ఒక సంఘ కూటమి. 1938లో మెల్బోర్నులో బాటర్బీ సహాయముతో జరిగిన ప్రదర్శనలో 41 చిత్రాలూ అమ్ముడుపోయాయి. తరువాతి ఇరువది ఏండ్లు నమత్జీరా పేరు ఆ దేశములో ప్రతి ఇంటా వినపడింది. 1954లో ఎలిజబెత్ రాణి గారి దర్శనము కూడా చేశాడు.

ఇంతవరకు మిషను రిపోర్టులలో చదివి సంతోషించే కథ. మిగిలినది కూడా చెప్పాలి.

అంత పేరు వచ్చినా నమత్జీరా తన దేశములో పౌరుడు కాడు. ఆనాటి చట్టము ఆదివాసులను ప్రభుత్వ సంరక్షణలోని మైనర్ల వలె చూసేది. పశువులు మేపుకోవడానికి భూమి కౌలుకు అడిగితే ఇవ్వలేదు. ఆలిస్ స్ప్రింగ్సు పట్టణములో ఇల్లు కట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. 1957లో ప్రత్యేకముగా అతనికి, అతని భార్యకు మాత్రము పౌరహక్కులు ఇచ్చారు. పిల్లలకు, బంధువులకు ఇవ్వలేదు. మద్యము కొనే హక్కు పౌరునికి ఉంది, పౌరుడు కానివానికి అందిస్తే నేరము. ఉన్నది పదిమందితో పంచుకోవడము అరండవారి ధర్మము. 1958లో బంధువుకు మద్యము అందించాడని కేసు పెట్టి ఆరు నెలల శిక్ష వేశారు. అప్పీలులో మూడు నెలలకు తగ్గింది. 1959లో రెండు నెలలు పాపున్యా అనే ప్రభుత్వ ఆదివాసి కేంద్రములో నిర్బంధములో గడిపాడు. బయటికి వచ్చిన కొన్నాళ్ళకే, ఆగస్టు 8న, మరణించాడు. వయస్సు 57 సంవత్సరములు.

అతని చిత్రాల కాపీరైటు సంగతి మరింత బాధాకరము. బ్రతికి ఉండగా 1957లో ఒక ప్రచురణ సంస్థతో రాయల్టీ ఒప్పందము జరిగింది. అతని మరణానంతరము ఆస్తి వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి 1983లో ఆ కాపీరైటు మొత్తము 8,500 డాలర్లకు ఆ ప్రచురణకర్తకే అమ్మివేశాడు. ఆనాటి నుండి తాతగారి బొమ్మ ఒక పుస్తకములో అచ్చయితే మనుమలకు చిల్లి గవ్వ లేదు, అనుమతి ఇచ్చే అధికారము కూడా లేదు. ఎన్నో ఏండ్లు పోరాడిన తరువాత 2017లో ఆ హక్కు కుటుంబపు ట్రస్టుకు తిరిగివచ్చింది.

బాటర్బీ మంచి గురువు. అమ్మకాల వ్యవహారములో కూడా శిష్యుని వెంట ఉన్నాడు, చిత్రాల నాణ్యతను, ధరను కాపాడే సంఘములో పనిచేశాడు. పాస్టరు ఆల్బ్రెక్టు మంచి కాపరి. వారి మంచితనము మీద నాకు సందేహము లేదు. అయినా కుంచె పట్టడము నేర్పినంత తేలికగా, చట్టములో చోటు సంపాదించి ఇవ్వడము వారి చేతిలో లేకపోయింది. చుట్టూ ఉన్న సమాజము చిత్రాన్ని కొన్నది, చిత్రకారుని మాత్రము మనిషిగా లెక్కించలేదు. ఆ లోటును ఒక్క గురువు తీర్చలేడు. సంఘము తీర్చాలి.

పాపున్యా బడి గోడ

నమత్జీరా నిర్బంధములో ఉన్న పాపున్యాకే ఇప్పుడు మళ్ళీ వెళదాము. ఆలిస్ స్ప్రింగ్సుకు వాయవ్యముగా సుమారు 240 కిలోమీటర్ల దూరము. పింటుపి, లూరిచా, వార్ల్పిరి మొదలైన వేరువేరు భాషలవారిని ప్రభుత్వము ఒకచోట చేర్చి పెట్టింది. సొంత నేలకు దూరమై, పని లేక, రోగాలతో క్రుంగిపోయిన జనము.

1971లో ఆ బడికి జెఫ్రీ బార్డన్ అనే యువ డ్రాయింగు మాస్టరు వచ్చాడు. తరగతిలో పిల్లలు సినిమాలలో చూసిన గుర్రపు రౌతుల బొమ్మలు వేసేవారు. బయట ఇసుకలో కూర్చుంటే మాత్రము వేళ్ళతో వలయాలు, గీతలు, అడుగుజాడలు గీస్తూ కథలు చెప్పుకొనేవారు. మాస్టరు అది గమనించాడు. తరగతి గదిలోని పాఠము ఇసుకలోని పాఠమంత ప్రాణముతో లేదని గ్రహించి, అవే గీతలు కాగితము మీద వేయమన్నాడు.

ఇది గమనించిన పెద్దలు ముందుకు వచ్చారు. వారిలో బడి ఆవరణ ఊడ్చి శుభ్రము చేసే పనివారు కూడా ఉన్నారు. బయటివారి కంటికి వారు కూలీలు. వారిలోవారికి మాత్రము వారు పూర్వుల కథలకు, పాటలకు హక్కుదారులైన పెద్దలు. అక్కడ కథ అందరి సొత్తు కాదని మీరు గమనించాలి. పూర్వులు నడిచిన దారులు, ఆగిన చెలమలు, కొండలు, వీటికి సంబంధించిన ప్రతి కథనూ ఫలానా వంశమువారే వేయాలి, ఫలానావారే పాడాలి. ఆ పెద్దలు కూడి మాట్లాడుకొని, బడి గోడ మీద తేనెచీమ కథను వేయడానికి ఒప్పుకున్నారు. కాపా చంపిచిన్‌పా అనే ఆయన ముందు నిలిచాడు. మొదట అతడు తెల్లవారి పద్ధతిలో, చూసినది చూసినట్టుగా చీమ బొమ్మ వేశాడట. ఈ చీమ మీదేనా అని మాస్టరు అడిగాడు. వారు తమలో తాము మాట్లాడుకొని ఆ బొమ్మ తీసివేసి, తమ సంప్రదాయపు గురుతులతో చీమను వేశారు.

ఆ చిన్న ప్రశ్నలో బార్డన్ గారి బోధన అంతా ఉందని నా అభిప్రాయము. బొమ్మ ఎట్లా వేయాలో ఆయన చెప్పలేదు. రంగులు తెచ్చి ఇచ్చాడు, పలకలు తెచ్చి ఇచ్చాడు, చోటు చూపించాడు, కూర్చొని చూశాడు. వారికి అప్పటికే తెలిసినది విలువైనదని తన ప్రవర్తన చేత తెలియజేశాడు. అదే ఏడాది ఆగస్టులో ఆలిస్ స్ప్రింగ్సులో జరిగిన చిత్రకళా పోటీలో కాపా గారికి బహుమానము వచ్చింది. బార్డన్ ఆ చిత్రాలను బండిలో వేసుకొని పట్టణానికి తీసుకువెళ్ళి అమ్మి, డబ్బు తెచ్చి చిత్రకారులకు ఇచ్చేవాడు. 1972లో ఆ చిత్రకారులు తామే యజమానులుగా “పాపున్యా టూలా” అనే కంపెనీ స్థాపించుకున్నారు. అది నేటికీ నడుస్తున్నది.

అమ్మకాల విషయములో బార్డన్‌కు అక్కడి అధికారులతో ఘర్షణలు వచ్చాయి. ఆరోగ్యము దెబ్బతిని 1972లోనే ఆ ఊరు విడిచిపెట్టాడు. 1974లో ఆ బడి గోడ మీద సున్నము వేసి తేనెచీమ చిత్రాన్ని చెరిపివేశారు. ఉద్యోగము చేసినది ఒకటిన్నర సంవత్సరము. మిగిలిన గోడ కూడా లేదు. అయినా ఆ పని నిలిచింది. గురువు తన చెయ్యి తీసివేసిన తరువాత కూడా సాగిన పాఠమే నిజమైన పాఠము.

మరొక సంగతి దాచకూడదు. మొదటి చిత్రాలలో కొన్నింటిలో పరాయివారు, స్త్రీలు, పిల్లలు చూడకూడని రహస్య విషయాలు ఉన్నాయని ఇతర ప్రాంతాల పెద్దలు అభ్యంతరము చెప్పారు. చిత్రకారులు ఆ మాట విని, రహస్యమైనవాటిని తగ్గించారు, చుక్కల వెనుక మరుగుచేశారు. ఏది అమ్మకానికి, ఏది అమ్మకానికి కాదు అని తేల్చుకొనే అధికారము వారి చేతిలోనే ఉంచుకున్నారు. బేరము తెలిసినవాడు ధర ఒక్కటే తెలిసినవాడు కాడు. బేరము పెట్టకూడనిది కూడా అతనికి తెలుస్తుంది.

సంతలో జరిగినది

ఇప్పుడు సంతకు వద్దాము. లెక్కలు చెబుతాను, శ్రద్ధగా వినండి.

పాపున్యా చిత్రకారుడు జానీ వరంగులా 1972లో కలిపిన్‌పా అనే చోటి నీటి కథను చిత్రించాడు. అప్పుడు అతనికి ముట్టినది 150 డాలర్లు. 1997లో ఆ చిత్రము వేలంపాటలో 2,06,000 డాలర్లకు, 2000లో 4,86,500 డాలర్లకు పోయింది. ఆ రెండు వేలాల కాలములో అతడు బ్రతికే ఉన్నాడు. వృద్ధుడు, బీదవాడు. ఆ అమ్మకాల నుండి పైసా ఇవ్వాలనే చట్టము అప్పుడు లేదు.

క్లిఫర్డ్ పోసమ్ 1977లో వేసిన “వార్లుగులాంగ్” అనే పెద్ద చిత్రాన్ని ఒక బ్యాంకు 1,200 డాలర్లకు కొన్నది. 2007లో అది 24 లక్షల డాలర్లకు ఆ దేశపు జాతీయ చిత్రశాలకు చేరింది. చిత్రకారుడు 2002లోనే కన్నుమూశాడు.

యుటోపియా అనే చోట 1977లో స్త్రీలకు మైనముతో గుడ్డల మీద రంగులద్దే బాటిక్ పని నేర్పారు. నేర్చుకున్నవారిలో ఎమిలీ కామ్ కుంగ్వరే అనే ఆమె అప్పటికే అరవై దాటినది. మరి పదేళ్ళ తరువాత, 1988–89లో, ఆమె మొదటిసారి కాన్వాసు మీద రంగు వేసింది. 1996లో మరణించేలోగా వేల చిత్రాలు వేసింది. 1994లో ఆమె వేసిన ఒక చిత్రము 2007లో పది లక్షల డాలర్లు దాటింది, 2017లో 21 లక్షలకు పోయింది. ముసలివారికి నేర్పి ఏమి లాభము అనేవారు ఈ సంగతి జ్ఞాపకముంచుకోవాలి. అయితే పేరు వచ్చిన తరువాత ఆమె ఇంటి ముందు వర్తకులు వరుస కట్టి, ఇంకా వేయి, ఇంకా వేయి అని తొందరపెట్టిన సంగతి కూడా జ్ఞాపకముంచుకోవాలి.

ఒక సరుకు చవకగా కొని ఎక్కువకు అమ్ముకోవడము వర్తకము. దానిని నేను పాపమని అనడము లేదు. ధర పెరుగుతుందని నమ్మి కొన్నవాడు నష్టానికి కూడా సిద్ధపడ్డాడు. నేను అడిగేది ఒక్కటే: చేసినవానికి ఆ పెరుగుదలలో భాగము ఎందుకు ఉండకూడదు? ఆస్ట్రేలియా పార్లమెంటు ఈ ప్రశ్నకు 2009లో జవాబు ఇచ్చింది. 2010 జూన్ 9 నుండి అమలులోకి వచ్చిన ఆ చట్టము ప్రకారము, 1,000 డాలర్లు గాని అంతకు పైగాని పలికిన చిత్రము వర్తకుల ద్వారా మళ్ళీ చేతులు మారితే, ధరలో నూటికి 5 చిత్రకారునికి చేరాలి. అతడు చనిపోతే 70 సంవత్సరముల వరకు వారసులకు చేరాలి. నమత్జీరాకు, జానీ వరంగులాకు బ్రతికుండగా అందనిది వారి వారసుల కాలానికి వచ్చింది.

నకిలీ సరుకు మరొక గండము. పాఠశాలల బోధన నిమిత్తము అచ్చువేసిన చిత్రాల నుండి, కేలండరు నుండి బొమ్మలు కాపీ చేసి, వియత్నాములో తివాచీలు నేయించి దిగుమతి చేశారు కొందరు. పవిత్రమైన వంశకథలు కాళ్ళ క్రింద పరిచే తివాచీలయ్యాయి. జార్జి మిల్పురురు, బాండుక్ మారిక మొదలైన చిత్రకారుల పక్షముగా 1994లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పి, 1,88,640 డాలర్లు నష్టపరిహారము వేసింది. 2019లో మరొక టోకు వ్యాపార సంస్థకు 23 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఇండోనేసియాలో చేయించిన పద్దెనిమిది వేలకు పైగా వస్తువులను ఆదివాసుల చేతిపని అన్నట్టుగా అమ్మినందుకు. 2022లో ఆ దేశపు ప్రభుత్వ సంఘమొకటి విచారించి, ఆదివాసి పద్ధతి జ్ఞాపికల మీద జనము పెట్టే ఖర్చులో సగానికి పైగా నకిలీలకే పోతున్నదని తేల్చింది.

ఈ గండాల మధ్య నిలబడినవి ఏమిటని చూస్తే, చిత్రకారులే యజమానులుగా ఉన్న కళా కేంద్రాలు. కేంద్రము రంగులు, కాన్వాసు ఇస్తుంది. ప్రతి చిత్రానికీ ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఏ కథ అని పుస్తకములో వ్రాసి, పత్రము జతచేస్తుంది. అమ్మిన డబ్బులో చిత్రకారుని వాటా అతనికి ఇచ్చి, మిగిలినది కేంద్రము నడపడానికి వాడుతుంది. ఒంటరిగా దొరికినవానిని దళారి లోబరచుకుంటాడు. పదిమంది కలిసి లెక్క వ్రాసుకుంటే అతని ఆట సాగదు.

మన సంగతి

మన మిషనరీ తండ్రులను తలచుకొనే ఈ సంవత్సరములో నిజము మాట్లాడుకుందాము. హెర్మన్స్‌బర్గులో 1894 నుండి పనిచేసిన పాస్టరు కార్ల్ స్ట్రేలో అరండ భాష క్షుణ్ణముగా నేర్చుకొని, క్రొత్త నిబంధనను అందులోకి తర్జుమా చేశాడు. వారి కథలు, పాటలు విని గ్రంథస్థము చేశాడు. కాని వారి ఆచార కూడికలకు మాత్రము వెళ్ళలేదు. భాషను గౌరవించారు, దానితో ముడిపడినవాటికి దూరముగా ఉండిపోయారు. మన దేశములోనూ ఇటువంటి గౌరవము, ఇటువంటి సంకోచము రెండూ కనపడతాయి. అయినా 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రలును చూడండి. అజరయ్య బిషప్పు గారు ఈ దేశపు గుడుల, మసీదుల శిల్పపు పోకడలను ఆ కట్టడములోకి ఆహ్వానించారు. ఈ చీమ మీదేనా అని బార్డన్ అడిగిన ప్రశ్నను ఆయన అంతకు ముప్పై ఏండ్ల ముందే రాతిలో అడిగారు. 1982లో హెర్మన్స్‌బర్గు మిషను తన భూమిని అరండ హక్కుదారులకే అప్పగించింది. నేర్పడానికి వచ్చినవారు చివరకు అప్పగించి ప్రక్కకు తప్పుకోవడము కూడా బోధనలో ఒక పాఠమే.

ఇక మన బడులు, మన శిక్షణ కేంద్రాల మాట. మూడు పనులు మనవి చేస్తాను.

మొదటిది, నేర్పే ముందు చూడండి. మన దగ్గరకు వచ్చే పిల్ల ఖాళీ కుండ కాదు. ఆమె ఇంట్లో ముగ్గు ఉంది, పాట ఉంది, తాత చేసిన బుట్ట అల్లిక ఉంది. దానిని తరగతిలోకి రానివ్వండి.

రెండవది, పనితో పాటు ఆ పని ధర నేర్పండి. కుట్టుపని నేర్చిన అమ్మాయికి గుడ్డ ఖర్చు, దారము ఖర్చు, తన పూట కూలి కలిపి లెక్క వేయడము రావాలి. సంతకము పెట్టే ముందు కాగితము చదవడము రావాలి. నర్సు శిక్షణ పొందిన పిల్లకు నియామకపు ఉత్తర్వులో ఏమి ఉండాలో తెలియాలి. ఇవి పాఠ్యప్రణాళికలో లేవంటారా? నమత్జీరా పాఠములోనూ లేవు. ఫలితము విన్నారు.

మూడవది, మనమే సంత అని మరువకండి. క్రిస్మసుకు, పెండ్లిళ్ళకు కొనేవారము మనమే. శ్రీకాళహస్తి కలమకారి అని అమ్ముతున్న గుడ్డ కలముతో గీసినదా, అచ్చు యంత్రములో దిగినదా అని అడగండి. చేసినవారి పేరు అడగండి. బేరమాడే ముందు ఆ పనికి ఎన్ని దినములు పట్టిందో అడగండి. మన సంఘాలలో ఒక్కొక్క చేతిపనికి ఒక సహకార లెక్క పుస్తకము పెట్టుకోలేమా? యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో, పనివానికి ఇవ్వక పట్టుకొన్న కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని హెచ్చరించాడు. ఆ మొర పొలము నుండే రానక్కరలేదు. మన గోడకు తగిలించుకొన్న బొమ్మ నుండి, మన కట్టుకొన్న చీర నుండి కూడా రావచ్చు.

మొదట అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. శిష్యుని చేతికి పని వచ్చినప్పుడు గురువు పనిలో సగము తీరుతుంది. ఆ పని ఫలము శిష్యుని ఇంటికి చేరినప్పుడు మిగిలిన సగము తీరుతుంది. ఆ రెండవ సగము ఒక్కరివల్ల కాదు, సంఘమంతా పూనుకోవాలి. బెసలేలుకు, అహోలీయాబుకు నేర్పే మనస్సు ఇచ్చిన దేవుడు ఈ రెండవ నూరేండ్లలో మన ఉపాధ్యాయులకు, మన పనివారికి, కొనుగోలు చేసే మన అందరికీ అట్టి మనస్సు అనుగ్రహించును గాక. ఆమేన్.